ఆటోమేటిక్ పూల్ కవర్ సరిగ్గా పనిచెయ్యట్లేదా? కంపెనీతో తగువు తేల్చుకోవడం ఎలా

ఇంట్లో స్విమ్మింగ్ పూల్ కి, స్విచ్ నొక్కితే మోటార్ తో మూసుకునే ఆటోమేటిక్ కవర్ పెట్టించుకున్నారు, డబ్బు దాదాపు మొత్తం కట్టేశారు, ఇప్పుడది సగం దూరం వచ్చి ఓ పక్కకి వంకరగా లాగేసి ఆగిపోతోంది, ఫోన్ చేస్తే "వచ్చే వారం మనిషిని పంపిస్తామండి" అంటున్నారు, అలా వారాలు గడిచిపోతున్నాయి. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. పాలకొల్లు దగ్గర మా అక్కా బావగార్ల ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది, సంక్రాంతికి మనవలు వస్తారని డిసెంబర్లో హడావుడిగా పెట్టించారు, ఆరు లక్షల ఎనభై వేలు అయింది, పండగ నాలుగు రోజులూ ఆ కవర్ ఒక్కసారి కూడా చివరిదాకా మూసుకోలేదు. అక్క ఆ నాలుగు రోజులూ పూల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

ముందే ఒక మాట చెప్తా. ఈ తగువుల్లో కంపెనీ ఎప్పుడూ చెప్పేది ఒకటే, "మా కవర్ బానే ఉందండి, మీ పూల్ కట్టడంలోనే తప్పుంది" అని. పూల్ కట్టిన మేస్త్రిని అడిగితే "నా పూల్ కేంటండి, ఆ మెషీనే పనికిరాంది" అంటాడు. ఇద్దరి మధ్యా మీరు నలిగిపోతారు. అందుకని కోపంతో ఫోన్లో అరిచేకంటే, లాయర్ దగ్గరికి పరిగెత్తేకంటే ముందు, తప్పు ఎక్కడుందో కొలతలతో సహా మీ చేతిలో పెట్టుకోవాలి. అది ఉంటే మిగతాదంతా సులువే, అది లేకపోతే ఎంత పెద్ద లాయర్నైనా పెట్టుకోండి, వాయిదాలే మిగులుతాయి.

దానికన్నా ముందు చెయ్యాల్సింది ఒకటుంది, ఇవాళే చెయ్యాలి. సగం మూసిన కవర్ అసలు కవర్ లేని పూల్ కన్నా ప్రమాదం. చిన్నపిల్లలకి అది నేలలాగే కనిపిస్తుంది, అడుగేస్తారు, అంచు దగ్గర జారి కిందకి వెళ్ళిపోతే పైనున్న మనకి కనపడరు, పిల్లాడు కవర్ కింద ఉన్నాడని ఎవరికీ తట్టదు కూడా. కవర్ మీద నిలిచిన వాన నీళ్ళు కూడా అంతే, రెండు మూడు అంగుళాలు చాలు పసిపిల్లకి. మన ఊళ్ళల్లో చెరువులో కాలవలో బిడ్డని పోగొట్టుకున్న ఇల్లు ప్రతి ఊరికీ ఒకటైనా ఉంటుంది, నేను విడమర్చి చెప్పక్కర్లేదు. కాబట్టి కవర్ పూర్తిగా మూసుకోకపోతే పూర్తిగా తెరిచేసి ఉంచండి, స్విచ్ తాళం తీసి మీ దగ్గర పెట్టుకోండి, ఎంసీబీ ఆపెయ్యండి. తర్వాత పూల్ చుట్టూ నాలుగడుగుల ఎత్తు తగ్గకుండా తాత్కాలికంగా అడ్డు కట్టించండి, సరుగుడు కర్రలు పాతి రొయ్యల చెరువులకి కట్టే వల బిగిస్తే ఒక్క పూటలో అయిపోతుంది, మెటీరియల్ భీమవరం, పాలకొల్లు, నరసాపురంలో ఏ ఆక్వా షాపులోనైనా దొరుకుతుంది. గేటు గడియ పిల్లల చేతికి అందనంత పైన పెట్టండి. అడ్డు కట్టాం కదా అని పిల్లల మీద కన్ను తీసెయ్యకండి. మోటార్ ఉండే గుంతలో నీళ్ళు చేరి ఉంటే అందులో చెయ్యి అస్సలు పెట్టొద్దు, మెయిన్ ఆపాక ఎలక్ట్రీషియన్ని పిలవండి, ఆ లైన్ కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే షాక్ కొట్టకుండా లైన్ కట్ చేసే స్విచ్) ఉందో లేదో అప్పుడే చూపించేసుకోండి.

ఆ తర్వాత సాక్ష్యం సంగతి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, ఊళ్ళో తెలిసిన మెకానిక్ ని పిలిచి నట్లు విప్పించేస్తారు. అలా చేస్తే మర్నాడు కంపెనీ వాడు "మీరు బయటివాళ్ళతో ముట్టించారు, వారంటీ పోయింది" అంటాడు. ఎవర్నీ ముట్టనివ్వకండి. వీడియో తియ్యండి, ముక్కలు ముక్కలుగా కాకుండా స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి ఆగేదాకా ఒకే వీడియో, ఒకటి కవర్ వచ్చే వైపు ఎదురుగా నుంచుని, ఇంకోటి మోటార్ వైపు నుంచి. వంకర పోతోంటే రెండు పక్కలా అంచు ఎంత ముందుకీ ఎంత వెనక్కీ ఉందో టేపు పెట్టి ఆ టేపు కనపడేలా తియ్యండి. ఒక నోట్ బుక్ పెట్టి ఏ తేదీన ఎన్ని గంటలకి ఎక్కడ ఆగింది, వాన పడిందా, ఎవరికి ఫోన్ చేశారు, వాళ్ళేం అన్నారు అన్నీ రాసుకోండి. మా బావగారు పాత రైతు, ఎరువుల లెక్కలు రాసే పుస్తకంలోనే వెనక పేజీల్లో రాశారు, చివరికి అదే బాగా పనికొచ్చింది. వాట్సాప్ మెసేజ్ లు డిలీట్ చెయ్యకండి, చాట్ మొత్తం ఎక్స్ పోర్ట్ చేసి మెయిల్ కి పంపుకోండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. రేపు వినియోగదారుల కమిషన్ కి వెళ్తే ఫోటోలకీ మెసేజ్ లకీ సర్టిఫికెట్ జత చెయ్యమనొచ్చు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ అది, అసలు ఫోన్ మీ దగ్గరుంటే ఇబ్బంది లేదు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. కంపెనీని అనే ముందు మన వైపు ఏమైనా తప్పుందేమో చూసుకోవాలి, ఎందుకంటే మనం చూసుకోకపోతే వాళ్ళు చూస్తారు. కవర్ మీద వాన నీళ్ళు నిలిచి ఉండగా తెరిచారా? 30 అడుగులకి 15 అడుగుల పూల్ అయితే కవర్ మీద ఒక్క అంగుళం నీళ్ళు నిలిస్తే వెయ్యి కిలోల పైన బరువు, అంటే టన్ను. కింద పూల్ నీళ్ళు మోస్తాయి కాబట్టి కదపనంతసేపు ఏమీ కాదు, కానీ ఆ నీళ్ళతో సహా కవర్ ని లాగితే తాళ్ళు సాగుతాయి, మోటార్ మీద భారం పడుతుంది. ముందు పంపు పెట్టి నీళ్ళు తోడాకే తెరవాలి. కొబ్బరి తోటలో పూల్ అయితే మట్టలు పడి ఉంటాయి, మట్ట ఈనె చివర గుచ్చుకుంటే బట్ట చిరుగుతుంది, అది వారంటీలో రాదు. క్లోరిన్ కూడా చూసుకోండి, కవర్ మూసి ఉంటే ఎండ తగలదు కాబట్టి క్లోరిన్ తొందరగా తగ్గదు, ఇదివరకు వేసినంతే వేస్తూ పోతే నీళ్ళల్లో ఎక్కువైపోయి బట్ట అడుగు గట్టిపడి పెళుసవుతుంది. ఎక్కువ డోసు వేసిన రోజు కొన్ని గంటలు తెరిచే ఉంచాలి. బావగారింట్లో సంక్రాంతి తర్వాత ఒకసారి వాచ్ మన్ నీళ్ళు తోడకుండానే తెరిచాడు, మేం ఆ సంగతి దాచలేదు, ఉత్తరంలో మేమే రాశాం, వంకర దానికన్నా ముందు నుంచే ఉందని వీడియో తేదీలతో చూపించాం. దాచి ఉంటే ఆ ఒక్కటి పట్టుకుని మొత్తం మా మీదకి తోసేసేవాళ్ళు.

ఇక కొలతలు. ట్రాక్ మీద నడిచే బట్ట కవర్ కి అన్నిటికన్నా ముఖ్యం రెండు ట్రాక్ లూ మొదట్నుంచి చివరిదాకా సమాంతరంగా ఉండటం, బట్ట చుట్టుకునే రోలర్ వాటికి సరిగ్గా మూలమట్టంలో ఉండటం. ఇక్కడ లెక్క అంగుళాల్లో కాదు, మిల్లీమీటర్లలో. మంచి స్టీల్ టేపు కొనుక్కోండి, గుడ్డ టేపు సాగుతుంది. ఇద్దరు మనుషులు కావాలి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చెయ్యండి. ఒక చివర నుంచి మొదలుపెట్టి ప్రతి మూడడుగులకీ ఒకసారి అడ్డంగా వెడల్పు కొలిచి రాయండి, పూల్ గోడకి గోడ ఒకసారి, ట్రాక్ కి ట్రాక్ ఒకసారి. తర్వాత మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి, 30కి 15 పూల్ మూలమట్టంలో ఉంటే రెండూ దాదాపు 33 అడుగుల ఆరున్నర అంగుళాలు రావాలి, రెండింటికీ తేడా ఉందంటే పూల్ పక్కకి వాలినట్టే. ట్రాక్ కి నూలు దారం లాగి కట్టి వంపు ఉందేమో చూడండి. మట్టానికి ట్యూబ్ లెవెల్ చాలు, అంతకన్నా సులువు ఏంటంటే పూల్ లో నీళ్ళే మట్టం, నీటి పైనుంచి పూల్ అంచున పరిచే కోపింగ్ రాయి దాకా నాలుగు మూలలా స్కేలు పెట్టి చూడండి. మన డెల్టా బంకమట్టి నేల, వానకి ఉబ్బి ఎండకి బీటలు తీస్తుంది, మట్టి సరిగ్గా దిమ్మిస చెయ్యకుండా కట్టిన పూల్ ఒక మూల దిగబడటం వింతేమీ కాదు.

నేనూ బావగారూ ఆదివారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. లోతు వైపు వెడల్పు సరిగ్గా 15 అడుగులు వచ్చింది. మూడడుగులు ఇటు జరిగాం, ఓ నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తక్కువ. ఇంకో మూడు, ఇంకో నూలు పైన. ఆయన టేపు చివర పట్టుకుని వంగి ఉన్నారు, నేను చదువుతున్నా, చదివే కొద్దీ ఆయన మొహం మారిపోతోంది. మెట్ల వైపు చివరికి వచ్చేసరికి 14 అడుగుల 10 అంగుళాలు. రెండంగుళాలు సన్నబడింది పూల్. ఆయన టేపు కింద పెట్టేసి "అయితే తప్పు మనదేనా బావా" అన్నారు. కాదని అప్పుడు నాక్కూడా తెలీదు.

లోపలికెళ్ళి ఫైల్ తీశాం. ఆర్డర్ ఇచ్చాక కంపెనీ ఇంజనీర్ ఒకతను వచ్చి కొలతలు తీసుకుని ఒక ఫారం నింపాడు, దాని ఫోటో బావగారికి వాట్సాప్ లో పంపాడు. అందులో వెడల్పు రాయడానికి మూడు గళ్ళున్నాయి, మొదట ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి. మొదటి గడిలో 15 అడుగులు అని ఉంది, మిగతా రెండూ ఖాళీ. మూలకి మూల కొలత రాసే గళ్ళు కూడా ఖాళీ. కింద సంతకం, "సైట్ రెడీ" అని టిక్కు. అంటే ఒక్క చోట కొలిచి వెళ్ళిపోయాడు. మేస్త్రి రెండంగుళాలు తప్పు కట్టిన మాట నిజమే, కానీ అది పట్టుకోవడమే సర్వే పని, పట్టుకుని ఉంటే ట్రాక్ బిగించక ముందే సరిచేసే వాళ్ళు. తగువు అక్కడ తిరిగింది. అందుకే చెప్తున్నా, మీ దగ్గర కూడా ఆ ఫారం లాంటిది ఏదో ఉంటుంది, వెతకండి, లేకపోతే కాపీ ఇమ్మని మెయిల్ పెట్టండి, ఇవ్వకపోతే ఇవ్వలేదనేదే ఒక సాక్ష్యం అవుతుంది.

మీ ఇబ్బంది వేరే రకం అయ్యుండొచ్చు. సమాంతరంగా ఉన్నా వంకర పోతోంటే రెండు తాళ్ళ పొడవుల్లో తేడా ఉండొచ్చు, అది మామూలు సర్దుబాటు, గంట పని, దాని కోసం తగువు పెంచుకోవద్దు. ప్రతిసారీ ఒకే చోట ఆగుతోంటే కవర్ ఎక్కడ ఆగాలో చెప్పే లిమిట్ సెట్టింగో, ట్రాక్ లో ఏదైనా అడ్డమో. రోజుకో చోట ఆగుతోంటే మోటార్ కి భారం ఎక్కువవుతోందని గానీ కరెంటు సరిపోవట్లేదని గానీ అర్థం, సాయంత్రం పూట లో వోల్టేజీ ఉండే ఊళ్ళల్లో మీటర్ పెట్టి చూడండి. బట్ట కాకుండా నీళ్ళ మీద తేలే పలకల కవర్ అయితే దాని మోటార్ చాలావాటికి 24 వోల్టుల డీసీ, అక్కడ కేబుల్ మందం చాలా ముఖ్యం. భీమవరంలో ఒక స్నేహితుడింట్లో కంట్రోల్ బాక్స్ నుంచి మోటార్ కి 20 మీటర్లు రెండున్నర ఎంఎం వైరు లాగారు, పది ఆంపియర్లు లాగితే పోనూ రానూ 40 మీటర్ల రాగిలో దాదాపు 3 వోల్టులు అక్కడే పోతుంది, 24లో 3 అంటే ఎనిమిదో వంతు, మోటార్ మూలుగుతూ నడిచేది. ఆరునెలలు మోటార్ బాలేదని కొట్టుకున్నారు, చివరికి లావు కేబుల్ వేస్తే సరిపోయింది. పలకల కవర్ కి నీటి మట్టం కూడా ఒకే చోట ఉండాలి, తగ్గినా పెరిగినా రోలర్ దగ్గర పలకలు మడత పడతాయి.

సముద్రం దగ్గర ఊళ్ళకి, అంటే అంతర్వేది, మొగల్తూరు, రాజోలు వైపు వాళ్ళకి ఇంకోటి. ఉప్పు గాలి, కొన్నిచోట్ల బోరు నీళ్ళు కూడా ఉప్పే. కొటేషన్లో స్టెయిన్ లెస్ స్టీల్ అని మాత్రమే ఉంటే అది 304 కావచ్చు, ఉప్పుకి తట్టుకునేది 316. ఏది ఇస్తామన్నారో కాగితం మీద ఉండాలి. తుప్పు చార వచ్చిన మొదటి రోజే ఫోటో తీసి పంపండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. రిపేర్ కోసం "పూల్ ఖాళీ చేసి పెట్టండి" అంటారు, వెంటనే ఒప్పుకోవద్దు. మన దగ్గర భూగర్భ జలం బాగా పైనుంటుంది, కాలవలు నిండుగా పారే రోజుల్లో, వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే ఊట వచ్చేస్తుంది. పూల్ లో నీళ్ళ బరువే పూల్ ని కిందకి నొక్కి పెడుతుంది, అది తీసేస్తే కింద ఊట పైకి తన్ని నేల పగలచ్చు, పూల్ మొత్తం లేవచ్చు కూడా. పూల్ అడుగున ఆ ఒత్తిడి వదిలే వాల్వ్ ఉందో లేదో కట్టిన వాళ్ళని అడగండి, ఖాళీ చెయ్యక తప్పదంటే వేసవిలో కాలవలు కట్టేశాక ఊట తగ్గినప్పుడు పెట్టుకోండి. ఖాళీ చెయ్యమన్నది వాళ్ళైతే నష్టం జరిగితే బాధ్యత మాదే అని రాసిమ్మనండి, రాసిమ్మంటే చాలామంది ఖాళీ చెయ్యకుండానే చేసే దారి వెతుకుతారు.

కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టండి. కొటేషన్, ఆర్డర్ ఒప్పుకున్న మెయిల్, సర్వే ఫారం, డ్రాయింగ్, డెలివరీ చలానా, జీఎస్టీ బిల్లు, బ్యాంకు నుంచి కట్టిన రసీదులు, వారంటీ కార్డు. క్యాష్ కట్టమని, బిల్లు లేకపోతే తక్కువకి ఇస్తామని అంటే ఆశపడకండి, రేపు ఎంత కట్టారో రుజువు చెయ్యలేరు. పని అయిపోయిందని సంతకం పెట్టమంటారు, పండగ ముందు తొందరలో అందరం పెట్టేస్తాం, పెట్టక తప్పకపోతే సంతకం పైన "కవర్ చివరిదాకా మూసుకోవట్లేదు, సరిచేయాలి" అని మీ చేత్తో రాసి పెట్టండి. "మనిషి నడిచినా ఆపుతుంది" అని చెప్పి అమ్మి ఉంటే టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, అమెరికా వాళ్ళ ఏఎస్‌టీఎం ఎఫ్1346 అనే ప్రమాణం ఉంది, ఎనిమిదడుగుల కన్నా వెడల్పు పూల్ అయితే ఇద్దరు పెద్దవాళ్ళూ ఒక పిల్లాడి బరువు, అంటే 485 పౌండ్లు, మన లెక్కలో 220 కిలోలు ఆపాలి. సర్టిఫికెట్ లేకుండా సేఫ్టీ కవర్ అని అమ్మితే అది మీ ఫిర్యాదులో పెద్ద పాయింటు. మీరు మాత్రం ఎక్కి చూడకండి.

ఇదంతా చేతికొచ్చాక ఒక రోజు కంపెనీ మనిషినీ మేస్త్రినీ ఒకేసారి పూల్ దగ్గరికి పిలవండి. విడివిడిగా మాట్లాడితే ఎవరి మాట వాళ్ళదే. మా దగ్గర మేస్త్రి మొదట్లో "ఏటండి బాబూ, అందరూ కలిసి నాకే అంటగడతన్నారు" అని కోప్పడ్డాడు, టేపు ఆయన చేతికే ఇచ్చాం, కొలిచి చూసుకుని కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆయ్, రెండంగుళాలు పోయిందండి, కాదన్ను, కానీ ఈయన ముందే చెప్పుంటే కోపింగ్ వెయ్యకుండా ఆపేవోణ్ణి కదండీ" అన్నాడు. కంపెనీ కుర్రాడు "నేను కొత్తగా చేరానండి, సర్వే చేసినాయన మానేశాడు" అన్నాడు. అతని మీద అరిచి లాభం లేదు, పాపం అతను చేసింది కాదు. ముగ్గురం కలిసి కొలిచిన కొలతలు ఒక కాగితం మీద రాసి అందరిచేతా సంతకం పెట్టించాం. ఎవరిది తప్పు అని అందులో రాయలేదు, కొలతలు మాత్రమే రాశాం, అందుకే అందరూ పెట్టారు. ఈ చిట్కా గుర్తుపెట్టుకోండి. కంపెనీ వాళ్ళు రాకపోతే చార్టర్డ్ ఇంజనీర్ ఒకరిని పిలిపించి రిపోర్టు రాయించుకోండి.

తర్వాత ఉత్తరం. లాయర్ నోటీసు వెంటనే అక్కర్లేదు, ముందు మీరే రాయండి, మెయిల్ లో ఒకటి, స్పీడ్ పోస్టులో ఒకటి. ఇదివరకు రిజిస్టర్ పోస్టు అనేవాళ్ళం, 2025 సెప్టెంబరు నుంచి అది స్పీడ్ పోస్టులోనే కలిపేశారు, డెలివరీ అయినట్టు రుజువు మాత్రం తీసుకోండి. తిట్లు వద్దు, జాలి మాటలు వద్దు. ఇలా రాస్తే చాలు:

"ఫలానా తేదీన మీరు మా ఇంట్లో బిగించిన ఆటోమేటిక్ కవర్ బిగించిన రోజు నుంచి పూర్తిగా మూసుకోవడం లేదు. పూల్ ఒక చివర 15 అడుగులు, రెండో చివర 14 అడుగుల 10 అంగుళాలు ఉంది. మీ సర్వే ఫారంలో ఒక్క చోట మాత్రమే వెడల్పు రాసి సైట్ సిద్ధంగా ఉందని సంతకం చేశారు, కాపీ జతచేశాను. ఫలానా తేదీల్లో ఫోన్ చేశాను, ఎవరూ రాలేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో మీ ఖర్చుతో ట్రాక్ లు సమాంతరంగా తిరిగి బిగించి కవర్ పూర్తిగా పనిచేసేలా చెయ్యండి, లేదా కవర్ తీసుకెళ్ళి డబ్బు తిరిగి ఇవ్వండి. పని పూర్తయ్యే వరకు మిగిలిన 68 వేలు నా దగ్గరే ఉంచుతున్నాను, పూర్తయిన రోజే చెల్లిస్తాను."

చివరి వాక్యం ముఖ్యం. మిగిలిన డబ్బు ఊరికే ఆపితే మీరే ఎగ్గొట్టారని వాళ్ళు ఎదురు తిరుగుతారు, ఎందుకు ఆపారో ఎప్పుడు ఇస్తారో రాసి ఆపితే ఆ మాట అనలేరు. ఇంకా ఆర్డర్ ఇవ్వని వాళ్ళకి ఇక్కడే ఒక మాట, పది శాతమైనా పని పూర్తయ్యాకే ఇచ్చేలా ముందే రాయించుకోండి.

పదిహేను రోజులకీ కదలిక లేకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్ లైన్, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు, ఫిర్యాదు నంబర్ ఇచ్చి కంపెనీకి పంపిస్తారు. వాళ్ళకి తీర్పు చెప్పే అధికారం లేదు, కానీ చాలా కంపెనీలు ఆ దశలోనే దిగొస్తాయి. మా విషయంలో ఉత్తరమూ ఈ ఫిర్యాదూ రెండూ కలిసి పనిచేశాయి, కేసు దాకా పోలేదు.

పోవాల్సి వస్తే భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు కట్టిన డబ్బు 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు, ఇంకో మాట, కంపెనీ హైదరాబాద్ దో బెంగుళూరుదో అయినా మీరు ఉండే చోటే వెయ్యొచ్చు, బిల్లు వెనక "హైదరాబాద్ కోర్టుల పరిధి మాత్రమే" అని చిన్నక్షరాల్లో ఉన్నా దిగులు పడొద్దు. తగువు కోర్టుకి కాకుండా ప్రైవేటు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా కమిషన్ కి వెళ్ళొచ్చని 2018లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఫీజు 5 లక్షల దాకా లేదు, 5 నుంచి 10 లక్షలైతే 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా వెయ్యి. ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లో కూర్చునే వెయ్యొచ్చు, 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి మీ ఊరు ఏ కమిషన్ కిందకి వస్తుందో అందులోనే చూసుకోండి. లాయర్ తప్పనిసరి కాదు. నోటీసు అందాక కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇంకో 15 రోజులు పొడిగించొచ్చు, అంతకు మించి కుదరదు. తేల్చడానికి చట్టంలో మూడు నెలలు, పరీక్షలు అవసరమైతే ఐదు నెలలు అని ఉంది, నిజానికి ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడండి. నిపుణుడితో పూల్ చూపించమని మీరే అడగండి. మధ్యవర్తిత్వానికి పంపుతామంటే కాదనకండి, ఇలాంటి బిగింపు తగువులు కూర్చుని మాట్లాడుకుంటే తేలేవే.

రెండు జాగ్రత్తలు. గడువు రెండేళ్ళు, కంపెనీ వాళ్ళు "చేస్తామండి చేస్తామండి" అంటూ ఉంటే గడువు ఆగదు, పరిగెడుతూనే ఉంటుంది. రెండోది, దిండి వైపు రిసార్టులూ హోంస్టేలూ నడిపేవాళ్ళు, వ్యాపారం కోసం కొన్నదైతే మీరు వినియోగదారుడే కాదని ఎదుటివాళ్ళు వాదిస్తారు. సొంతంగా నడుపుకునే బతుకుతెరువు అయితే చట్టంలో మినహాయింపు ఉంది, కానీ పెద్ద రిసార్టు అయితే ముందు లాయర్ని అడిగి సివిల్ కోర్టు దారి చూసుకోండి.

రాజీ కుదిరితే కూడా కాగితం మీదే. మాకు కుదిరింది ఏంటంటే, మెట్ల వైపు చివర ట్రాక్ ని కోపింగ్ రాయి మీద బయటికి రెండంగుళాలు జరిపి రెండూ పదిహేనడుగుల్లో సమాంతరంగా వచ్చేలా కంపెనీ తన ఖర్చుతో బిగించాలి, పాత చిల్లులు పూడ్చి రాయి పాలిష్ పట్టే ఖర్చు బావగారూ మేస్త్రీ సగం సగం పెట్టుకోవాలి, వారంటీ ఆ రోజు నుంచి మళ్ళీ మొదలవ్వాలి. పూల్ ఖాళీ చెయ్యక్కర్లేకుండానే రెండు రోజుల్లో అయిపోయింది.

మిగిలిన డబ్బు ఇచ్చే ముందు వాళ్ళ మనిషిని అక్కడే ఉంచి ఇవన్నీ చూసుకోండి. పదిసార్లు తెరిచి మూయండి, పదోసారి కూడా రెండు అంచులూ ఒకేసారి చివరికి రావాలి. మధ్యలో మెయిన్ ఆపి కరెంటు పోతే చేత్తో ఎలా మూయాలో చేసి చూపించమనండి, తుఫాను రోజుల్లో అదే ఆధారం. కవర్ మీద పది బకెట్లు నీళ్ళు పోసి పంపు తోడేస్తోందో లేదో చూడండి. మోటార్ గుంతలో ఒక బకెట్ పోసి నీళ్ళు డ్రెయిన్ లోకి పోతున్నాయో లేదో చూడండి. స్విచ్ మీద వేలు తీస్తే కవర్ ఆగాలి, స్విచ్ దగ్గర నిలబడితే పూల్ మొత్తం కనపడాలి, కనపడకపోతే స్విచ్ మార్పించండి. ఇదంతా వీడియో తియ్యండి.

మా దగ్గర పదోసారి మూసుకునేటప్పుడు అక్క వచ్చి నిలబడింది. అంచు వెళ్ళి అవతలి గోడకి ఆనుకున్నాక వంగి చెయ్యి పెట్టి రెండు మూలలా సందు ఉందేమో తడిమి చూసింది, చూసి లేచి "ఇంక ఆ పిల్లాడికి ఇచ్చెయ్యండి డబ్బులు" అంది. బావగారు అక్కడే ఫోన్ తీసి 68 వేలు పంపించారు, రసీదు తీసుకుని అదే ఎరువుల పుస్తకంలో పెట్టారు.